లేపాక్షి పైకప్పు, పద్నాలుగు బిట్లు

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయంలో ఫొటోగ్రాఫర్లను బాగా ఇబ్బందిపెట్టే చోటు నాట్యమండపం. స్తంభాల సందుల్లోంచి రాయలసీమ ఎండ కళ్లలో పొడుస్తుంటుంది. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం వంటి పదహారో శతాబ్దపు చిత్రాలేమో తలపైన మసకలో ఉంటాయి. ఎండ తెల్లగా మాడిపోకుండా చూసుకుంటే పైకప్పు నల్లబడుతుంది. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం కనుక ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. చాలామంది కెమెరాను చేత్తో పట్టుకునే తీసేసి, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో చీకటిని పైకి లాగుతారు. అలా లాగినప్పుడు కనబడేదాంట్లో కెమెరా కొలిచింది ఎంత, సాఫ్ట్‌వేర్ కల్పించింది ఎంత?

సెన్సర్ మీది ప్రతి బిందువూ తనపై పడిన కాంతిని ఒక అంకెగా మారుస్తుంది. 8 బిట్లుంటే ఆ అంకెకు 256 మెట్లు, 12 ఉంటే 4,096, 14 ఉంటే 16,384. సేరు తప్ప వేరే కొలత లేని కొట్లో పావుసేరు తేడా లెక్కకు రాదు కదా, బిట్లు తక్కువైతే చిన్న తేడాల సంగతీ అంతే. అయితే ఈ మెట్లు వెలుగుకూ చీకటికీ సమానంగా దక్కవు. కాంతి సగానికి తగ్గితే ఒక స్టాప్ తగ్గిందంటారు. సెన్సర్ వరుస లెక్కనే కొలుస్తుంది కాబట్టి అన్నిటికన్నా వెలుతురైన ఒక్క స్టాపే సగం మెట్లను, అంటే 14 బిట్లలో 8,192 మెట్లను, కాజేస్తుంది. దాని కిందిదానికి 4,096. ఇలా దిగుతూ పోతే, లేపాక్షి పైకప్పు ఏడో స్టాప్‌లో పడిందనుకుంటే, దానికి మిగిలేవి 128. 12 బిట్ల ఫైల్‌లో 32. కెమెరా, చీకటికి కొన్ని మెట్లు ఎక్కువిచ్చే మామూలు వంపు గీతతో, 8 బిట్ల జేపెగ్ చేసిచ్చిందా, సుమారు 12. ఆ పన్నెండింటిని పదహారు రెట్లు వెలిగిస్తే దాదాపు 38 మెట్ల మేర పరచాల్సి వస్తుంది. చిత్రంలోని స్త్రీల చీరల మడతలు పట్టీలు పట్టీలుగా విడిపోయేది అందుకే.

అలాగని బిట్లు పెరిగినకొద్దీ నిజం పెరుగుతుందనుకోనక్కర్లేదు. కాంతి కణాలు కణాలుగా, క్రమం లేకుండా వచ్చి పడుతుంది. దానికి సెన్సర్ సొంత గోల తోడవుతుంది. చీకట్లో ఆ గోల రెండు మూడు మెట్ల ఎత్తు ఉంటే చివరి బిట్టు కొలిచేది చిత్రాన్ని కాదు, గోలనే. ఐఎస్ఓ బాగా పెంచి తీసిన ఫొటోల్లో 12 బిట్లకూ 14 బిట్లకూ తేడా పట్టుకోవడం కష్టం. పైగా ఆ గోల చేసే మేలూ ఒకటుంది: మెట్ల అంచులను అది కలిపేస్తుంది. పెనుకొండ కోట మీద పొద్దుగూకే ఆకాశాన్ని తీసి, గోలంతా శుభ్రంగా తుడిచేసి, 8 బిట్లలో భద్రపరిస్తే లేని చారలు ప్రత్యక్షమవుతాయి. నా మాట వింటే ఆకాశంలో కాస్త గరుకు ఉండనివ్వండి.

పెట్టె మీద రాసిన బిట్ల సంఖ్యనూ కాస్త తరచి చూడాలి. సోనీ కెమెరాలు కొంతకాలం, సెన్సర్ అంకెలను భద్రపరిచే రా ఫైళ్లను కుదించే ఇచ్చేవి. 16 బిందువుల గుంపులో గరిష్ఠం, కనిష్ఠం 11 బిట్లతో రాసి, మిగతావాటిని 7 బిట్ల తేడాలుగా సర్దేవి. వెలుగూ చీకటీ ఒరుసుకునే అంచుల్లో మచ్చలు పడుతున్నాయని విమర్శలు వచ్చాక, 2015లో సోనీ కుదించని రా ఫైల్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఫొటోషాప్ ‘16 బిట్లు’ అంటుంది గానీ లోపల లెక్క 0 నుంచి 32,768 వరకే. సరిగ్గా మధ్య అంకె దొరకాలనీ, గుణకారాలు త్వరగా తెమలాలనీ చేసిన ఏర్పాటు అది. ఇన్ఫో ప్యానెల్‌లో కోరితే ఆ అంకెలనే చూపిస్తుంది కనుక దాన్ని మోసమనను. డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్ 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్క వాడుతుంది. మధ్యలో చేసే కూడికలూ గుణకారాలూ అరిగిపోకుండా అది కాపాడుతుంది. సెన్సర్ కొలవనిదాన్ని మాత్రం తెచ్చిపెట్టలేదు.

అసలు కల్పన బిట్ల కన్నా ముందే మొదలవుతుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన రంగుల జల్లెడ అమరికే నేటికీ చాలా కెమెరాల్లో ఉంది. ప్రతి నాలుగు బిందువుల్లో రెండు పచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఒక్కో బిందువు ఒక్క రంగునే కొలుస్తుంది, మిగతా రెండూ ఇరుగుపొరుగులను చూసి సాఫ్ట్‌వేర్ వేసే అంచనాలు. 24 మెగాపిక్సెళ్ల ఫొటోలో ఎరుపును నిజంగా కొలిచినవి 60 లక్షల బిందువులే.

ధర్మవరం పట్టు దగ్గర ఇది వ్యాపార విషయం. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన చీర చూసే కోణాన్ని బట్టి రంగు మారుస్తుంది. ఏ ఒక్క ఫొటోకూ అది పూర్తిగా దొరకదు. ముదురు ఎరుపు చీరైతే జేపెగ్‌లో ఎరుపు 255ను తాకి అక్కడే ఆగిపోతుంది, మడతలు చదునైపోతాయి. రా ఫైల్‌లో తరచు ఆ మడతలు ఇంకా బతికే ఉంటాయి. జరీ సంగతి వేరు. ఎండలో తళుక్కుమన్న చోట మూడు రంగులూ నిండిపోయి కొలతే ఉండదు. చాలా సాఫ్ట్‌వేర్లు అక్కడ పక్క బిందువులను చూసి బంగారు రంగు అద్దేస్తాయి. డార్క్‌టేబుల్‌లో ఈ పని విడి మాడ్యూల్‌గా కనబడుతుంది, తీసేసి చూడొచ్చు. సెన్సర్ ఎక్కడ నిండిపోయిందో గుర్తు పెట్టి చూపే మీట కూడా ఉంది. చీర ఫొటోలు తీసేవారు రోజూ వాడాల్సిన మీట అది.

మళ్లీ గుడికి వస్తే, కోశాధికారి విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి విసిరాడని చెప్పే గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. శాచురేషన్ మీట కొంచెం జరిపితే తుప్పు రంగు నెత్తురవుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ అడ్డు చెప్పదు. కానీ రా ఫైల్‌లోని కొలతలను లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్ తాకదు, మార్పులన్నీ విడిగా రాసిపెడుతుంది. లైట్‌రూమ్ రాసే ఎక్స్ఎంపీ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఎంత శాచురేషన్ పెంచారో అంకెతో సహా ఉంటుంది. ఎక్స్‌పోజర్ సున్నా అని ఉన్నా, కెమెరా మోడల్‌ను బట్టి సాఫ్ట్‌వేర్ ముందే కలిపే కొంత వెలుగు ఆ సున్నా వెనక దాగి ఉండొచ్చు. దాన్ని పట్టుకోవాలంటే అసలు రా ఫైల్‌ను, సెన్సర్ అంకెలను చూపే రాడిగ్గర్‌లో తెరిచి, మరక మీద కర్సర్ పెట్టి, ఎరుపు గడిలోని అంకె చదవాలి.