విద్యుత్ కారుకు పక్కమెట్టు: ఉప్పుగాలిలో రెండు లోహాల కాపురం

మూడేళ్ల క్రితం శీతాకాలంలో మా అమ్మగారు కాకినాడ నుండి మనామాకు వచ్చారు. అప్పటికి మేము ఎత్తైన విద్యుత్ కారు ఒకటి కొని ఆరు మాసాలైంది. నేల క్రింద బ్యాటరీ పరచిన వాహనంలో కూర్చునే చోటు సహజంగానే కొంత పైకి లేస్తుంది. డెబ్బది నాలుగేళ్ల వయస్సులో, మోకాళ్ల నొప్పులతో, ఒక చేత చీర కుచ్చిళ్లు పట్టుకొని ఆవిడ ఆ కారెక్కడం చూస్తే మనస్సు చివుక్కుమనేది. "జట్కాబండికైనా వెనుక ఇనుప మెట్టుండేదిరా. ఇంత డబ్బు పోసి కొన్నావు, దీనికి మెట్టే లేదేమిటి?" అన్నారామె.

మరుసటి వారమే ఒక వర్క్‌షాపులో రెండు వైపులా మెట్లు వేయించాను. తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు మెట్లు! స్టీలు సామానుపై మనవారికున్న మోజు రసాయన శాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నంత మాత్రాన పోదు కదా. పద్నాలుగు మాసాల తరువాత టైర్లు మార్పించేందుకు కారును పైకెత్తినప్పుడు చూస్తే, మెట్టును పట్టి ఉంచే బిగింపుల చుట్టూ సున్నం చల్లినట్టు తెల్లని పొడి. రంగు పొక్కులు కట్టింది. ఒక బిగింపు చేతితో కదిలిస్తే కదిలింది. అమ్మగారు రోజూ కాలు మోపి ఎక్కింది ఆ మెట్టుమీదనే.

ఇది విన్న మిత్రులలో ఇద్దరు ఒకే ప్రశ్న వేశారు: "నాలుగు వందల వోల్టుల బ్యాటరీ గదా, ఆ విద్యుత్తే లోహాన్ని తినేసిందా?" లేదు. విద్యుత్ కార్లలోని అధిక వోల్టేజి వలయాన్ని కారు దేహంతో సంబంధం లేకుండా వేరుచేసి ఉంచుతారు. ఆ బంధనం చెడితే కారే హెచ్చరిస్తుంది. నా కారును తిన్నది నాలుగు వందల వోల్టుల బ్యాటరీ కాదు, నేను డబ్బిచ్చి కట్టించుకున్న ముప్పాతిక వోల్టు లోపు బ్యాటరీ.

మా కారు గడప, అనగా తలుపుల క్రింద నిడుపుగా సాగే దిమ్మె, అల్యూమినియం మిశ్రమలోహం. అన్ని కార్లకూ అలా ఉండదు. కొన్నింటికి అది గట్టి ఉక్కు. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఒకదానినొకటి తాకి ఉండి, వాటిని ఉప్పునీటి పొర కలిపితే, రెంటి నడుమ సుమారు 0.6 నుండి 0.7 వోల్టుల తేడా ఏర్పడుతుంది. అల్యూమినియం తన ఎలక్ట్రానులను స్టీలుకు అప్పగించి తాను కరిగిపోతుంది. సాధారణంగా దానిని కాపాడేది కొన్ని నానోమీటర్ల మందంగల ఆక్సైడు పొర. క్లోరైడు అయాన్లు ఆ పొరకు చిల్లులు పొడుస్తాయి. మన అమ్మమ్మలు ఆవకాయను అల్యూమినియం గిన్నెలో గాక జాడీలో పెట్టింది ఈ ఉప్పు, పులుపుల పనిని ఎరిగియే.

విస్తీర్ణం సంగతి కూడ చెప్పాలి. పెద్ద అల్యూమినియం పలకలో చిన్న స్టీలు బోల్టు ఉంటే నష్టం పలుచగా పంచబడుతుంది. పెద్ద స్టీలు మెట్టుకు చిన్న అల్యూమినియం రివెట్ నట్లు ఆధారమైతే మాత్రం దాడి అంతా ఆ నట్లమీదనే. నా కారుకు జరిగింది సరిగ్గా ఇదే.

ఇక మన బహ్రెయిన్ గాలి. మహాసముద్రాలలో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పుంటే, మన చుట్టూ ఉన్న జలాలలో 40 గ్రాములకు పైబడి ఉంటుంది. పైగా తీరమంతటా సబ్ఖా, మన ఊరి చౌడు నేలకు పెద్దన్న వంటిది. వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గాని తనంత తాను నీరు కాదు. కాని సబ్ఖా దుమ్ములో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అందుచేత మధ్యాహ్నం గాలి పొడిగా అనిపించినా, కారు క్రింది ఇరుకులలో చేరిన దుమ్ము తడిగానే ఉంటుంది. 1971 నుండి అల్యూమినియం ఉత్పత్తి చేస్తూ, నేడు ఏటా 15 లక్షల టన్నులకు పైగా పోతపోసే అల్బా కర్మాగారం ఉన్న దీవిలో అల్యూమినియం స్వభావం మరచినందుకు నాకే నవ్వు వస్తుంది.

ఈ పాఠం పాతది. 1761లో బ్రిటిషు నౌకాదళం 'అలార్మ్' అనే ఓడ అడుగుకు రాగిరేకు తొడిగి ఇనుప మేకులతో బిగించింది. రెండేళ్లకు పరీక్షిస్తే మేకులు తినివేయబడి రేకులు ఊడిపోతున్నాయి. చెక్కుచెదరకుండా మిగిలినవి కొన్నే. రాగిరేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ముక్క పొరపాటున మేకు తలక్రింద ఇరుక్కుపోయిన చోట్ల!

ఆ కాగితం ముక్క పని నేడు నైలాను వాషరు, బోల్టుకు తొడిగే నైలాను గొట్టం, బిగింపు క్రింద పరచే రబ్బరు పలక చేస్తాయి. మెట్టునే అల్యూమినియంతో చేయించుకుంటే తగవు సగం తీరినట్లే. స్టీలుదే కావాలంటే బోల్టు రంధ్రాలు కొంచెం నిడుపుగా ఉండాలి. రెండు మీటర్ల పొడవుపై 50 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి అల్యూమినియం సుమారు 2.3 మి.మీ. సాగితే మామూలు ఉక్కు 1.2 మి.మీ. మాత్రమే సాగుతుంది. సందు లేని బిగింపు వేసవి, శీతాకాలాల మధ్య తనను తానే వదులు చేసుకుంటుంది.

తుప్పు కన్నా పెద్ద భయం డ్రిల్లు. అనేక విద్యుత్ కార్లలో గడపకు కొన్ని సెంటీమీటర్ల లోపలనే బ్యాటరీ పెట్టె గోడ ఉంటుంది. నారింజరంగు అధిక వోల్టేజి తీగలు ఎటు పోతున్నాయో ఎరుగని చేతికి డ్రిల్లు ఇవ్వడం నా దృష్టిలో క్షమింపరాని పని. తయారీదారు విడిచిన రంధ్రాలుంటే వాటికే బిగించాలి. బ్యాటరీ పెట్టెకు ఏదీ తగిలించరాదు. జాకీ పెట్టే చోట్లు మూసివేయరాదు.

సఖీర్ ఎడారిలో శిబిరాలకు వెళ్లే మన యువకులు అడిగే రాక్ స్లైడర్లు వేరు జాతి. కారు రాతిమీద పడితే దాని బరువునే మోయవలసిన ఉక్కు గొట్టాలవి. పాత జీపులకు క్రింద నిచ్చెనవంటి చట్రముండేది, స్లైడరు దానికి బిగిసేది. చాలా విద్యుత్ కార్లకు అట్టి చట్రం లేదు. ఆ బరువు గడపపైనే పడుతుంది. ఆ గడప పక్క నుండి వచ్చే దెబ్బకు నలిగి బ్యాటరీని కాపాడేందుకు లెక్కకట్టి చేసినది. యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో కారును గంటకు 32 కి.మీ. వేగంతో పక్కవాటుగా ఉక్కు స్తంభానికి కొట్టిస్తారు. బయట కొన్న స్లైడరు తగిలించిన మన కారుకు ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. 4 టన్నులు దాటిన హమ్మర్ ఈవీకి తయారీదారే స్లైడర్లు, అడుగు కవచం కూర్చి ఇచ్చాడంటే అది మొదటి నుండి లెక్కలో ఉన్నది. మెత్తని ఇసుకలో తిరిగేవారికి అసలు వీటి అవసరమేమిటో నాకు బోధపడదు.

నేను పాత మెట్లు తీయించి, తయారీదారు ఆమోదించిన అల్యూమినియం మెట్లు నైలాను వాషర్లతో వేయించాను. పదిహేను రోజులకొకసారి కారు అడుగును మంచినీటితో కడుగుతాను. అమ్మగారు కిందటి నవంబరులో మళ్లీ వచ్చారు. కొత్త మెట్టును చేతితో గట్టిగా ఊపి చూసి గాని కాలు పెట్టలేదు.