యుద్ధకథలో మాటల బలిమి

శల్యసారథ్యమను మాట మీరు వాడుచునే యుందురు. శల్యుడు కర్ణుని రథము తోలుచు ఒక్క బాణమైనను వేయలేదు. మాటలతోనే వాని గుండె దిటవును కరగించినాడు. యుద్ధములో మాట ఆయుధమగుననుటకు మనకు వేరు సాక్ష్యమక్కరలేదు. ఆ ఆయుధమే మందు కూడ ఎట్లగునో చూపిన నవల యొకటి కలదు. దానిని గూర్చి నేడు చెప్పదలచితిని.

మార్కస్ జుసాక్ అను ఆస్ట్రేలియా రచయిత 2005లో దానిని ప్రకటించెను. ఆయన తలిదండ్రులు జర్మనీ, ఆస్ట్రియా దేశములనుండి వలస వచ్చినవారు. నవల పేరు ‘ది బుక్ థీఫ్’, అనగా పుస్తకముల దొంగ. కథ చెప్పునది మృత్యువు. మన యముని వలె పాశము పట్టి గద్దించు మృత్యువు కాదు. పని యెక్కువై అలసిపోయిన మృత్యువు.

కథ 1939లో, హిట్లరు ఏలుబడిలోని జర్మనీలో, మ్యూనిక్ చేరువనున్నట్లు కల్పింపబడిన ఊరిలో మొదలగును. లీజెల్ అను తొమ్మిదేండ్ల బాలిక, రైలులో తమ్ముని పోగొట్టుకొని, పెంపుడు తలిదండ్రుల యింట చేరును. చదువు రాదు. తమ్ముని పాతిపెట్టినచోట దొరికిన పుస్తకమొకటి మాత్రము దాచుకొన్నది. అది గోతులు త్రవ్వువారికై వ్రాసినది! పెంపుడుతండ్రి హాన్స్ ఇండ్లకు రంగులు వేయువాడు. గరుకు కాగితము వెనుకను, నేలమాళిగ గోడలమీదను అక్షరములు వ్రాసి ఆమెకు చదువు నేర్పినాడు. పెంపుడుతల్లి రోజా నోరు మంచిది కాదు. పిల్లను పిలుచుటయే ‘పంది’ యని. మన యిండ్లలోను ఇట్టి ముసలమ్మలుందురు. ఆ తిట్టులో ప్రేమ యున్నదని పిల్లకు త్వరలోనే తెలిసినది.

వీథిలోని మాటలు వేరు. 1933లోనే ప్రభుత్వము ప్రచారమునకై ఒక మంత్రిత్వశాఖను నెలకొల్పి గోబెల్సు చేతికిచ్చెను. చౌకరకము రేడియోలు చేయించి ఇండ్లకు చేర్చెను. ఆ యేడు మే 10వ తేదీన బెర్లినులో వేలకొలది పుస్తకములు తగులబడెను. రేడియోలో మాటలాడుచు రేడియో చేసిన కీడును చెప్పుట వింతగానుండవచ్చును, కాని దాపనేల? యూదులు పురుగులని పదేపదే చెప్పి, వారి యిల్లు కాలుచున్నను బిందెడు నీళ్లు పోయని స్థితికి పొరుగువారిని తెచ్చిరి.

హాన్స్ తన నేలమాళిగలో మాక్స్ అను యూదు యువకుని దాచును. దీనికొక పాతఋణము కారణము. మొదటి ప్రపంచయుద్ధములో ఒకనాడు పై అధికారి, చక్కని దస్తూరి గలవాడెవడని యడుగగా, మాక్స్ తండ్రి హాన్స్ పేరు చెప్పెను. హాన్స్ ఉత్తరములు వ్రాయుచు వెనుక నిలిచెను; పోరునకు పోయినవారు తిరిగి రాలేదు; పేరు చెప్పినవాడును రాలేదు. ఇక మాక్స్ వచ్చునపుడు చేతనున్నది హిట్లరు వ్రాసిన పుస్తకమే. అనుమానము కలుగకుండ అది ముసుగు. తరువాత అతడు దాని పుటలు చించి, తెల్లరంగు పూసి, ఆరబెట్టి, వాటిపై లీజెలుకు బొమ్మలకథ వ్రాసి యిచ్చెను. ఈ నవలలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది.

ఆ పిల్లయు మాటతో గాయపరచకపోలేదు. నగరాధ్యక్షుని భార్య ఆమెను తన పుస్తకశాలలో చదువుకొననిచ్చినది. పూర్వయుద్ధమున కొడుకు పోయి, సగము ప్రాణముతో నున్న స్త్రీ. రోజాకు బట్టలుతుకు పని మాన్పించినందులకు లీజెల్ కోపించి, నీ కొడుకు చచ్చి ఏండ్లయినదని మొగముమీద అనివేయును. ఆ మొగము దెబ్బలు తిన్నట్లు కమిలినదని రచయిత వర్ణించెను.

బాంబులు పడు రాత్రి ఇరుగుపొరుగులు నేలమాళిగలో ముడుచుకొని కూర్చుండగా, లీజెల్ బిగ్గరగా చదువసాగెను. ఏడ్చు పసివారు ఊరకుండిరి. అంతవరకు వీరి తలుపుమీద ఉమ్మివేసిపోవుచుండిన పొరుగింటావిడ తరువాత వచ్చి, నాకును చదివిపెట్టుము, నా వంతు కాఫీ మీకిచ్చెదనని బేరమాడినది. ఆమె కొడుకులిద్దరును రష్యాలో పోరాడుచుండిరి. ఒకడు స్టాలిన్‌గ్రాడులో మరణించెను. ఆ వార్త వచ్చిన పిదపను లీజెల్ చదువుట మానలేదు. ఆమె వినుట మానలేదు. రెండవవాడు చేతికి గాయముతో ఇల్లు చేరెను. తోడబుట్టినవాడు పోగా తాను బ్రదుకగోరుట ఓర్వలేక, కొంతకాలమునకు ఉరివేసికొనెను. చదువు తల్లిని నిలిపినది గాని అతనిని నిలుపలేదు. రచయిత దీనిని దాచలేదు.