ఆన్‌లైన్‌లో పిల్లల వస్తువులు అమ్ముతున్నారా? ఇవి తెలుసుకోండి



మన సంఘంలో చాలామంది చెల్లెళ్లు ఈమధ్య ఇంట్లో కూర్చునే వ్యాపారం చేస్తున్నారు. వాట్సాప్‌లో ఫొటో పెడతారు, డబ్బు ఫోనులోనే వస్తుంది, సరుకు కొరియర్‌లో పోతుంది. పచ్చళ్లు, పసిపిల్లల గౌన్లు, ఉన్నితో అల్లిన బొమ్మలు, ఇంట్లో కాచిన సబ్బులు. కొందరు పెద్ద ఆన్‌లైన్ కంపెనీల్లో అమ్మకందారులుగా కూడా చేరారు. కొన్ని ఇళ్లలో పిల్లల స్కూలు ఫీజు ఈ డబ్బుతోనే కడుతున్నారని నాకు తెలుసు. చాలా సంతోషం. ఆసుపత్రి పత్రికలో వ్యాపారం సంగతి ఎందుకమ్మా అని అడుగుతారేమో. ఆ సరుకు తేడా చేస్తే పిల్లవాడిని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేది మా క్యాజువాలిటీకే గనుక రాస్తున్నాను.

అన్నిటికంటే నాకు భయం పుట్టించేది బటన్ బ్యాటరీ. లైట్లు వెలిగే బొమ్మల్లో, పాట పాడే పుస్తకాల్లో, చిన్న రిమోట్లలో చొక్కా గుండీ అంత నుంచి రూపాయి బిళ్ల అంత వరకు ఉంటుంది. పిల్లవాడు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కోవచ్చు. అక్కడి తడికి కరెంటు పారి, క్షారం పుట్టి, లోపలి కండను కాలుస్తుంది. రెండు గంటల్లోనే లోతైన గాయం కావచ్చు. మొదట పిల్లవాడు బాగానే ఆడుకుంటూ ఉంటాడు. తర్వాత చొంగ కారుతుంది, దగ్గుతాడు, అన్నం వద్దంటాడు. తల్లి జలుబు అనుకుంటుంది. ఎక్స్‌రేలో అది నాణెంలాగే కనబడుతుంది. అంచు దగ్గర రెండు వలయాలున్నట్టు ఉంటే డాక్టర్లు బ్యాటరీ అని గుర్తుపడతారు. మింగాడని అనుమానం వస్తే వాంతి చేయించకండి. అరటిపండు పెట్టి కిందికి దించుదామని చూడకండి. ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోండి.

ఒక తల్లి తెచ్చిన అలాంటి బొమ్మను నేను చేతిలో పట్టుకుని చూశాను. బ్యాటరీ మూతకు స్క్రూ లేదు. గోరుతో తీస్తే వచ్చేసింది. పెట్టె మీద తయారుచేసినవారి పేరు గాని, ఊరు గాని లేదు. బొమ్మల ప్రమాణం ప్రకారం బటన్ బ్యాటరీ మూత స్క్రూడ్రైవర్ వంటి పనిముట్టు లేకుండా తెరుచుకోకూడదు. ఫోనులో ఆ బొమ్మను అమ్మినావిడ కూడా బిడ్డల తల్లే. స్క్రూ చూసి కొనమని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన ఏ వస్తువైనా ఈ లెక్కలోకి వస్తుంది. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటుతో లేక బ్యాటరీతో నడిచేవాటికి ఐఎస్ 15644 అనే ప్రమాణాలున్నాయి. ఇది ఊరికే పెట్టిన నిబంధన కాదు. 2019లో భారత నాణ్యతా మండలి ఢిల్లీ ప్రాంతపు మార్కెట్లో దొరికే దిగుమతి బొమ్మలను పరీక్ష చేయిస్తే మూడింట రెండు వంతులు తప్పాయి.

గుర్తు ఉండగానే నమ్మవద్దు. దాని దగ్గర సీఎం/ఎల్ అనే అక్షరాల పక్కన లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో కనబడుతుంది. పెట్టె మీద ఒక పేరు, యాప్‌లో మరో పేరు వస్తే ఆ సరుకు వెనక్కి ఇచ్చేయండి.

ఇక్కడ మన చెల్లెళ్లు ఒక మాట అంటారు: "మేము తయారుచేయలేదుగా సిస్టర్, హోల్‌సేల్‌లో తెచ్చి అమ్ముతున్నాం." అది సరిపోదు. 2016 నాటి బీఐఎస్ చట్టం తయారుచేసేవారితో ఆగలేదు. గుర్తు తప్పనిసరైన సరుకును గుర్తు లేకుండా అమ్మడమే కాదు, నిల్వ ఉంచడం, అమ్మకానికి ప్రదర్శించడం కూడా తప్పన్నది. అంటే స్టేటస్‌లో ఫొటో పెట్టినా లెక్కే. ఆ చట్టం వచ్చినప్పుడు మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు లేదా 2 లక్షలకు తక్కువ కాని జరిమానా అని రాశారు. ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు వల్ల ఎవరికైనా హాని కలిగి, దాన్ని తయారుచేసినదెవరో తెలియకపోతే, అమ్మినవారు నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. పెట్టె మీద పేరులేని బొమ్మను కిలోల లెక్కన కొని అమ్మే ఆవిడ, ఆ తయారీదారుడి బరువంతా తన నెత్తిన వేసుకున్నట్టే.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలని, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటి మీదికి రాకుండా అలా చేయాలని ఉంది. పడినవాడు చూసుకోవాలి కదా అని అక్కడ వాదన లేదు. ఈ ఆజ్ఞను బైబిలు స్టడీలో చాలాసార్లు విన్నాం గాని, కొరియర్ కవరుకు కూడా వర్తిస్తుందని నాకైతే ఈమధ్యనే తోచింది.

ఇప్పుడు చేతి అల్లిక సంగతి. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిందని మీకు తెలుసు. అదే సూదితో ఇప్పటి అమ్మాయిలు కుందేళ్లు, ఏనుగులు అల్లుతున్నారు. ఎంతో ముద్దుగా ఉంటాయి. చేత్తో చేసినవని ఐఎస్‌ఐ నిబంధన నుంచి వాటంతటవే తప్పుకోవు. అయితే ఒక మంచి దారి ఉంది: హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో కళాకారులుగా నమోదైనవారు తాము చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అందుకు కళాకారుల గుర్తింపు కార్డు తీసుకోవాలి. అలాగే భౌగోళిక గుర్తింపు పొందిన కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలకు కూడా మినహాయింపు ఉంది.

మినహాయింపు కాగితానికి గాని బిడ్డ గొంతుకు కాదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు పూసల కళ్లు, గుండీ ముక్కు కుట్టవద్దు. దారంతోనే కళ్లు అల్లండి. సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా ఆ వయసువారికి ప్రమాదమని ప్రమాణంలో కొలత పెట్టారు. చేవి, తోక గట్టిగా గుంజి చూడండి. మెడకు చుట్టుకునేంత తాడు ఉంచవద్దు. గాజు అలమరలో పెట్టుకునే రంగుల కొయ్య బొమ్మ అయితే "అలంకరణకు మాత్రమే" అని ఫొటో కిందనే రాయండి, నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంటికి దాన్ని ఆటబొమ్మగా అమ్మవద్దు.

పాలసీసా గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. బాలింతల కానుక సెట్టు అని టోపీ, సాక్సులు, దానితో ఒక పాలసీసా ఉచితం అని ప్రకటనలు చూస్తున్నాను. 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం ప్రకారం పాలసీసాకు, పాల డబ్బాకు, రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారానికి ప్రకటన ఇవ్వడమే తప్పు. తగ్గింపు ధర, బహుమతి, ఉచితం ఏవీ కుదరవు. మా ప్రసూతి వార్డులో సిస్టర్లు గంటల తరబడి కూర్చుని తల్లిపాలు అలవాటు చేస్తుంటే, గేటు దాటగానే ఉచిత సీసా ఎదురైతే ఎలా? సెట్టులో దాని బదులు ఒక మెత్తటి తువ్వాలు పెట్టండి.

కాటుక, సబ్బులు, ముఖానికి రాసే క్రీములు కాస్మెటిక్స్ కిందికి వస్తాయి. ఇంట్లో చేసి అమ్మాలన్నా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు కావాలి. పేరులేని సుర్మా అసలే అమ్మవద్దు. కొన్నిటిలో సీసపు ఖనిజం ఉంటుంది, అది పిల్లల మెదడుకు చేటు. పచ్చళ్లకు, కేకులకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించుకుని ఆ 14 అంకెల నంబరు సీసా మీద వేయండి. కుక్కర్లు, హెల్మెట్ల జోలికి పోతే వాటికీ ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గుర్తులేని కుక్కర్లు తమ ద్వారా అమ్ముడైనందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద ఆన్‌లైన్ కంపెనీలనే తప్పుపట్టి, కొన్నవారికి తెలియజేసి సరుకు వెనక్కి తీసుకోమన్నది.

ప్యాకెట్టు సరుకు అమ్మే పేజీలో ధర, పరిమాణం, తయారుచేసినవారి పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదుకు ఫోను నంబరు కనబడాలి. ప్యాకెట్టు మీద అదనంగా తయారైన నెల, సంవత్సరం ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందిందని చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. కొనేవారికి జవాబు రాకపోతే 1915కు ఫోను చేయవచ్చు.

ఒక్క బొమ్మ కన్ను ఊడిందని ఎవరైనా చెబితే, ఆ ఒక్క బొమ్మ డబ్బు తిరిగిచ్చి ఊరుకోకండి. అదే రకం అమ్మకం ఆపండి, కొన్న అందరికీ కబురు పెట్టండి, మిగిలిన సరుకు మరొకరికి చౌకగా తోసేయకండి. ఇది చేయాలంటే ఎవరికి ఏ రోజు ఏది పంపారో రాసి ఉండాలి. ఒక నోటుబుక్కులో పేరు, ఊరు, నంబరు, వస్తువు, తేదీ రాసుకోండి. ఫోనులో మాత్రమే ఉంచితే, ఫోను పోయిన రోజున ఆ పేర్లన్నీ పోతాయి.