వాగు దగ్గర ఆగిపోయినవారికీ వాటా ఉంది

గెలిచిన రోజున ఒక నాయకుడు తనవారితో ఎలా ప్రవర్తించాడో అర్థం కావాలంటే, అంతా పోగొట్టుకున్న రోజున అతను ఎవరిని ఆశ్రయించాడో ముందు తెలియాలి. దావీదు జీవితంలో ఆ రెండు రోజులూ ఒకే అధ్యాయంలో కనిపిస్తాయి. అది మొదటి సమూయేలు గ్రంథం 30వ అధ్యాయం. దావీదు గొల్యాతును కొట్టిన కథ తెలియని సండేస్కూలు పిల్లలుండరు. కాని సిక్లగు కథ చెప్పమంటే పెద్దలు కూడా తడుముకుంటారు. దావీదు సింహాసనం ఎక్కడానికి కొద్ది రోజుల ముందు దేవుడు అతనికి నాయకత్వ పాఠం నేర్పింది మాత్రం ఈ సిక్లగులోనే.

సౌలు రాజు ఏళ్ల తరబడి తరుముతుంటే దావీదు విసిగిపోయాడు. ఏదో ఒక రోజు అతని చేతిలో చావు తప్పదనుకొని, శత్రువులైన ఫిలిష్తీయుల దేశానికి వెళ్లి గాతు రాజైన ఆకీషు పంచన చేరాడు. ఆ నిర్ణయానికి ముందు అతను దేవుని వద్ద విచారణ చేసినట్టు 27వ అధ్యాయంలో ఎక్కడా కనిపించదు. భయం సలహా చెప్పింది, దావీదు విన్నాడు. ఆకీషు ఇచ్చిన సిక్లగు అనే ఊళ్లో తన 600 మంది అనుచరులతో, వారి కుటుంబాలతో కాపురం పెట్టాడు. ఫిలిష్తీయుల దేశంలో అతను మొత్తం 16 నెలలున్నాడు. బయటికి అంతా బాగానే ఉంది. నివాసం దొరికింది, సౌలు తరమడం మానేశాడు. కాని ఆకీషు నమ్మకం నిలుపుకోవడానికి అబద్ధాలాడాల్సి వచ్చింది. చివరికి తన సొంత జనమైన ఇశ్రాయేలీయుల మీదికే ఫిలిష్తీయులతో కలిసి యుద్ధానికి బయలుదేరే దుస్థితి దాపురించింది. ఫిలిష్తీయుల సర్దారులు అతన్ని నమ్మక వెనక్కి పంపేయడంతో ఆ గండం తప్పింది.

దావీదు, అతని మనుషులు మూడో రోజున సిక్లగు చేరేసరికి ఊరు కాలిపోయి ఉంది. అమాలేకీయులు దాడి చేసి ఆడవాళ్లను, పిల్లలను చెరపట్టుకొని పోయారు. దావీదు ఇద్దరు భార్యలు అహీనోయము, అబీగయీలు కూడా ఆ చెరలోనే ఉన్నారు. ఆ యోధులంతా ఇక ఏడవడానికి ఓపిక లేనంతగా ఏడ్చారు. ఏడుపు కాసేపటికి కోపంగా మారింది. ఇదంతా దావీదు వల్లే వచ్చిందని, అతన్ని రాళ్లతో కొట్టి చంపాలని మాట్లాడుకున్నారు. వీరిలో చాలామంది ఒకప్పుడు అప్పులపాలై, ఇబ్బందులపాలై అదుల్లాము గుహలో దావీదు దగ్గరికి వచ్చి చేరినవారు. దిక్కులేనప్పుడు చేరదీసినవాడి మీదికే ఇప్పుడు రాయి ఎత్తుతున్నారు. నాయకత్వంలో ఇంతకన్నా ఒంటరి క్షణం ఉండదు.

అప్పుడు దావీదు వారితో వాదించలేదు. తప్పు మీదంటే మీదని తిట్టలేదు. తన దేవునిలో ధైర్యం తెచ్చుకున్నాడని వాక్యం సాక్ష్యమిస్తోంది. వెంటనే యాజకుడైన అబ్యాతారును పిలిచి ఏఫోదు తెప్పించాడు. ఆ దండును తరమాలా, తరిమితే అందుకోగలనా అని దేవుణ్ని అడిగాడు. భార్యాబిడ్డలు శత్రువుల చేతుల్లో ఉన్నప్పుడు ఏ మగాడైనా ముందు కత్తి దూసి పరిగెడతాడు. దావీదు మాత్రం ముందు మోకరించాడు. పదహారు నెలల క్రితం భయం మాట విని నడిచినవాడు ఇప్పుడు దేవుని మాట కోసం ఆగాడు. తరమమని, తప్పక అందరినీ విడిపించుకుంటావని దేవుడు జవాబిచ్చాడు. దావీదు విశ్వాసం కొత్తగా మొదలైంది ఇక్కడే. పడినవాడు మళ్లీ లేవడానికి దేవుడు ఏ ముహూర్తమూ పెట్టడు. ఆ క్షణాన పిలిస్తే చాలు.

600 మంది బయలుదేరి బెసోరు వాగు దాకా వచ్చారు. అక్కడ 200 మంది ఆగిపోయారు. వాళ్లు సోమరులు కారు, పిరికివాళ్లూ కారు. మూడు రోజుల ప్రయాణం చేసి ఊరు చేరి, ఊరు కాలిపోవడం చూసి, గుండెలవిసేలా ఏడ్చి, మళ్లీ పరుగు మొదలుపెట్టినవారు. కాళ్లాడక వాగు దాటలేకపోయారు. ఎదుట ఉన్న శత్రువు బలమెంతో దావీదుకు తెలియదు. ఉన్న సైన్యంలో మూడో వంతు వాగు ఒడ్డునే కూలబడిపోయింది. ఇలాంటప్పుడు సాధారణంగా ఏ నాయకుడైనా ఏం చేస్తాడు? రెచ్చగొడతాడు, సిగ్గు తెప్పిస్తాడు, ‘మీ పెళ్లాం పిల్లలకన్నా మీకు విశ్రాంతి ఎక్కువా?’ అని నిలదీస్తాడు. దావీదు అలాంటి మాట ఒక్కటీ అన్నట్టు లేదు. సామాను వాళ్లకు అప్పజెప్పి 400 మందితో ముందుకు సాగాడు.

అంత నిబ్బరం అతనికి ఎక్కడినుంచి వచ్చింది? అందరినీ విడిపించుకుంటావన్న మాట దేవుడిచ్చాడు. ఆ మాట 600 మంది ఉంటేనే అన్న షరతుతో రాలేదు. గెలుపు తన సైనికుల కాళ్ల మీద కాక దేవుని మాట మీద ఆధారపడి ఉందని నమ్మాడు గనుకనే, అలసిన కాళ్లను ఆగనిచ్చాడు. దేవుణ్ని నమ్మడానికీ మనుషుల్ని జాలితో నడిపించడానికీ ఉన్న సంబంధం ఇదే. దేవుని మీద ఆనుకోని నాయకుడు తన భారమంతా తన కింది వారి మీద మోపుతాడు. వారు కుంటుపడితే తన పని కూలిపోతుందని భయపడి కొరడా ఝళిపిస్తాడు. దేవుని మీద ఆనుకున్నవాడికి ఆ భయం లేదు గనుక, దయ చూపించే తీరిక ఉంటుంది.

ఆ తీరిక ఎంతదో మరికొంత దూరం పోయాక తెలుస్తుంది. పొలంలో ఒక ఐగుప్తీయుడు పడి ఉన్నాడు. మూడు రాత్రింబగళ్లు అన్నం, నీళ్లు లేక స్పృహ తప్పేలా ఉన్నాడు. దావీదు మనుషులకు ఒక్కో నిమిషం విలువైనదే. అయినా ఆగారు. రొట్టె పెట్టారు, నీళ్లు తాగించారు, అంజూరపు పండ్ల ముద్దలో ఒక ముక్క, రెండు ఎండుద్రాక్ష గెలలు ఇచ్చారు. ప్రాణం తెప్పరిల్లాక అతను నోరు విప్పాడు. తాను ఒక అమాలేకీయుని దాసుణ్నని, జబ్బు చేసిందని యజమాని తనను దారిలో వదిలేసి పోయాడని చెప్పాడు. సిక్లగును తగలబెట్టిన దండులో అతనూ ఉన్నాడు. ఆ దండు ఎక్కడుందో చూపించింది అతనే.

ఈ రెండు సైన్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెంటిలోనూ నడవలేనివారు వెనక మిగిలారు. అమాలేకీయుడు తన రోగిని పనికిరాని సామానులా పారేసి పోయాడు. పారేసిన ఆ మనిషే అతని దండు పతనానికి దారి చూపించాడు. దావీదు తన అలసినవారిని వాగు ఒడ్డున నీడపట్టున ఉంచి, వస్తాననే నమ్మకం మిగిల్చి వెళ్లాడు. ఇద్దరూ వెనక వదిలారు, కాని వదలడంలోనే ఉంది తేడా అంతా.

దేవుడు చెప్పినట్టే జరిగింది. పిల్లలూ పెద్దలూ, కొడుకులూ కూతుళ్లూ, ఏదీ తక్కువ కాకుండా అన్నీ తిరిగి దక్కాయి. దావీదు బెసోరు వాగు దగ్గరికి తిరిగి వచ్చి, అక్కడున్న 200 మందిని దగ్గరికి వెళ్లి క్షేమం అడిగాడు. గెలిచినవాడే ముందు పలకరించాడు. అయితే యుద్ధానికి వెళ్లినవారిలో కొందరు దుర్మార్గులు అడ్డుపడ్డారు. వీళ్లు మనతో రాలేదు గనుక ఎవరి భార్యాబిడ్డలను వారికి అప్పజెప్పి పంపేద్దాం, దోపుడు సొమ్ములో మాత్రం చిల్లిగవ్వ ఇవ్వొద్దన్నారు. లోకం లెక్కలో అది న్యాయంగానే వినిపిస్తుంది. దావీదు ఒప్పుకోలేదు. అలా మాట్లాడినవారిని కూడా సహోదరులారా అనే పిలిచాడు. ఇది మనం సంపాదించింది కాదు, దేవుడిచ్చింది, ఆయనిచ్చినదాన్ని మనం ఇలా దాచుకోకూడదన్నాడు. యుద్ధానికి పోయినవాడి వాటా ఎంతో, సామాను దగ్గర ఉన్నవాడి వాటా అంతే అని తేల్చాడు. ఆ రోజునుంచి అది ఇశ్రాయేలీయుల్లో కట్టడ అయింది. ఓడిపోతే రాళ్లు పడాల్సిన మనిషి, గెలిచాక తనవారికి ఒక చట్టాన్నే కానుకగా ఇచ్చాడు.

ఈ పాఠం ఇశ్రాయేలు దేశంలోనే ఆగిపోలేదు. మన తెలుగు నేల మీద కూడా దీనికి సాక్ష్యముంది. నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు ఏళ్లు గడిచినా ఫలం కనిపించలేదు. దాన్ని మూసేయాలన్న చర్చ 1853లో అమెరికాలో మళ్లీ వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జువెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. చేతిలో ఏమీ లేని అయిదుగురు ఆ ఊరిని దేవునికి అప్పజెప్పారు. ఆ కొండను ప్రార్థన కొండ అంటున్నాం. 12 ఏళ్ల తర్వాత 1866లో జాన్ క్లౌ ఒంగోలులో సేవ మొదలుపెట్టాడు.

1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు వచ్చింది. యువకుడిగా సర్వే పని నేర్చిన క్లౌ ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని ఒప్పుకొని, ఆకలితో వచ్చిన వేలాదిమందికి కూలి చూపించాడు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. పగలు పని చూపించిన నోటితోనే తీరిక వేళల్లో ప్రభువు ప్రేమ గురించి చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. ఏ మిషనరీ అయినా ఎదురుచూసే ఘడియ అది. క్లౌ మాత్రం కరువు సాయం నడిచినన్నాళ్లు, ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం ప్రభువును ఒప్పుకున్నారన్న మాట ఆ పేదల మీద పడకూడదనుకున్నాడు. ఆకలిగొన్నవాడి బలహీనతను తన లెక్కల పుస్తకంలో అంకెగా మార్చుకోలేదు. ఇది దేవుని పంటే అయితే ఆగినంతమాత్రాన పాడైపోదని నమ్మాడు. కూలి డబ్బులు ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న ఏడాదికి పైబడిన నిరీక్షణను మాత్రం అంతగా చెప్పుకోం.

ఇక మన సంఘాల సంగతి చూద్దాం. ముప్పై ఏళ్లు సండేస్కూలు నడిపిన టీచరమ్మ ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలలేకపోతుంది. సైకిల్ మీద పల్లెలు తిరిగి సువార్త చెప్పిన బోధకుడు పక్షవాతంతో మంచం పట్టాడు. కానుకలు వేస్తూ వచ్చిన ఒక కుటుంబం అప్పుల్లో పడి, మొహం చెల్లక ఆరాధనకు రావడం మానేసింది. వీరంతా మన బెసోరు వాగు దగ్గర ఆగిపోయినవారు. వార్షికోత్సవం రోజున వేదిక మీద శాలువాలు కప్పుకొనేది వాగు దాటినవారే. ఒడ్డున కూలబడినవారిని మనం తిట్టం, కాని మరిచిపోతాం. దావీదు వెళ్లినట్టు మనలో ఎంతమంది వారి గడప దాకా వెళ్లి క్షేమం అడుగుతున్నాం? ‘పనిచేసినవారికే పేరు’ అన్న ఆ దుర్మార్గుల వాదన మన కమిటీ మీటింగుల్లో ఎన్నిసార్లు మర్యాదగా వినిపించడం లేదు?

ఇది పాస్టర్లకే కాదు. ఇంటి పెద్దకు, టీచరుకు, ఆఫీసులో నలుగురి మీద అధికారిగా ఉన్నవాడికి కూడా ఈ వాగు ఎదురవుతుంది. పరీక్ష తప్పిన కొడుకు, మందగించిన ఉద్యోగి, జబ్బుపడిన భార్య... మన వేగాన్ని తగ్గిస్తున్నారనిపించే ప్రతి మనిషీ మన విశ్వాసానికి పరీక్షే. వారి మీద మనం విసుక్కున్న ప్రతిసారీ, మన గెలుపు మన పరుగులోనే ఉందని లోలోపల నమ్ముతున్నామన్నమాట. దేవుడే ఇచ్చేవాడైతే ఆ కంగారెందుకు?

దావీదు కుమారుడని పేరుపొందిన యేసుప్రభువు కూడా ఒక తెల్లవారుజామున నీటి ఒడ్డుకు వచ్చాడు. మరణాన్ని గెలిచి వచ్చాడు. ఆ రాత్రంతా వలలు వేసి ఏమీ దొరకని శిష్యులు అక్కడున్నారు. తనను ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురూ ఉన్నాడు. యుద్ధం ముమ్మరంగా ఉన్న రాత్రి వాళ్లెవరూ ఆయన వెంట నిలబడలేదు. అయినా గెలిచి వచ్చినవాడే నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి వాళ్లను భోజనానికి పిలిచాడు. భోజనమయ్యాకే పేతురుతో మాట్లాడి, తన గొర్రెలను అతని చేతికి అప్పగించాడు. మనమంతా ఏదో ఒక రోజున ఆ ఒడ్డున కూర్చొని, ఏ అర్హతా లేకుండా ఆ రొట్టె తిన్నవాళ్లమే. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, మీ సంఘంలో వాగు దగ్గర ఆగిపోయిన ఒక్కరి ఇంటికి వెళ్లిరండి. ప్రభువు గెలిచిన గెలుపులో వారికీ సమానమైన వాటా ఉందని చెప్పండి.