కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ఫ్లైట్‌లో ఎంతసేపు?

కామారెడ్డిలో ఎయిర్‌పోర్ట్ లేదు. ఎల్లారెడ్డిలోనూ లేదు. అయినా ఆన్‌లైన్ డిస్టెన్స్ కాలిక్యులేటర్‌లో ఈ రెండు పేర్లు కొడితే విమాన దూరం, ప్రయాణ సమయం ఠక్కున చెప్పేస్తుంది. లేని విమానానికి టైమ్ ఎక్కడి నుంచి వచ్చింది?

కాలిక్యులేటర్‌కి ఊరంటే రెండు అంకెలే: అక్షాంశం, రేఖాంశం. కామారెడ్డి దాదాపు 18.32, 78.34. ఎల్లారెడ్డి 18.19, 78.02. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కి.మీ. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి దాన్ని కాస్ 18తో గుణించాలి. మన దగ్గర 105 కి.మీ. పైచిలుకు వస్తుంది. అంటే ఉత్తర దక్షిణాలుగా 14, తూర్పు పడమరలుగా 34 కి.మీ. తేడా. పైథాగరస్ పెడితే సుమారు 37 కి.మీ. పెద్ద దూరాలకు భూమి వంపు కూడా లెక్కలోకి వస్తుంది. అప్పుడు హావర్సైన్ ఫార్ములా కావాలి.

37ని గంటకు 800 కి.మీ. వేగంతో భాగిస్తే 3 నిమిషాలు కూడా రాదు. టేకాఫ్, ల్యాండింగ్‌లకని అరగంట కలిపితే 33 నిమిషాలు. లెక్క తప్పేం కాదు, ప్రశ్నే తప్పు.

జెట్ విమానం 35,000 అడుగుల ఎత్తు నుంచి దిగాలంటేనే ప్రతి వెయ్యి అడుగులకు 3 నాటికల్ మైళ్ల చొప్పున దాదాపు 195 కి.మీ. కావాలి. 37 కి.మీ.లో ఆ ఎత్తూ రాదు, ఆ వేగమూ రాదు. అలాగని చిన్న ఫ్లైట్లు అసలు లేవనుకోకండి. స్కాట్లాండ్‌లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కి.మీ. దూరానికి రోజువారీ విమానం ఉంది, రెండు నిమిషాల ప్రయాణం. కారణం, మధ్యలో సముద్రం. మనకు మధ్యలో ఉన్నది లింగంపేట, బస్సు చాలు.

ఇంకో తమాషా ఏంటంటే, రెండు ఊళ్లకూ ఎయిర్‌పోర్ట్ ఒక్కటే. గీత గీసి చూస్తే దగ్గరిది బీదర్. 2020లో అక్కడ ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి కానీ సర్వీసులు చాలా తక్కువ. అందుకే అందరూ 2008లో మొదలైన శంషాబాద్‌కే పోతారు. కామారెడ్డి వాళ్లు 44వ నంబర్ హైవే మీద, ఎల్లారెడ్డి వాళ్లు మెదక్ మీదుగా. ఏ రకంగా చూసినా ఈ రెండు ఊళ్ల ‘ఎయిర్‌పోర్టుల మధ్య దూరం’ సున్నా!

నవ్వుకోవడానికి బాగుంది కానీ, మన జిల్లాలో గల్ఫ్‌కి పోయేవాళ్లు ఎందరో. వాళ్లకు టైమ్ లెక్క తప్పితే టికెట్ డబ్బులు పోతాయి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 4 గంటలు. టికెట్ మీద మాత్రం 4:00కు బయలుదేరి 6:30కు చేరినట్టు ఉంటుంది, ఎందుకంటే దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. చేరే టైమ్ ఎప్పుడూ ఆ ఊరి టైమే.

ఇప్పుడు వెనక్కి లెక్కేయండి. 12వ తేదీ తెల్లవారుజామున 4 గంటల ఫ్లైట్. మూడు గంటల ముందు, అంటే ఒంటిగంటకు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. ఎల్లారెడ్డి నుంచి రోడ్డు మీద మూడు గంటల పైమాటే. టైర్ పంక్చర్‌కో, ట్రాఫిక్‌కో ఇంకో అరగంట. అంటే ఇంట్లోంచి కదలాల్సింది 11వ తేదీ రాత్రి 9 గంటలకు. టికెట్ మీద 12 అని చూసి ఆ రాత్రికి బ్యాగ్ సర్దుకుంటే ఫ్లైట్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా ప్రయాణమవుతుంటే టికెట్ ఒకసారి మీరూ చూడండి.