వెనక షాక్‌లు: మీకు తెలుసా?

కారు బరువును షాక్ అబ్జార్బర్ మోయదు. మోసేది స్ప్రింగు. గోతిలో పడి నొక్కుకున్న స్ప్రింగు అదేపనిగా ఊగకుండా ఆపడమే షాక్ పని. అందుకే వెనక భాగం కుంగిందని షాక్‌లు మార్పిస్తే డబ్బు దండగ. ముందు స్ప్రింగులు చూడాలి.

ఆపిన ఊపు వేడిగా మారుతుంది. గొట్టంలో పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరాల్సి వస్తుంది, ఆ రాపిడికి వేడెక్కుతుంది. గతుకుల రోడ్డు మీద కాసేపు నడిపి ఆపాక, వెనక షాక్‌లు రెండింటినీ జాగ్రత్తగా తాకి చూడండి. సైలెన్సర్ మాత్రం తగలనివ్వద్దు. ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉంటే ఆ చల్లటిదాన్ని అనుమానించాల్సిందే.

డిక్కీ మీద నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలిసిందే. కారు ఊగుతూనే ఉంటే షాక్ పోయినట్టే. ఊగకపోతే మాత్రం బాగున్నట్టని అనుకోకండి. సగం అరిగినది కూడా ఈ పరీక్షలో నెగ్గేస్తుంది. అంతకంటే టైరును నమ్మొచ్చు: అరచేత్తో చుట్టూ నిమిరితే అక్కడక్కడా గుంటలు తగులుతున్నాయంటే, చక్రం రోడ్డును వదిలి ఎగురుతోందేమో చూడాలి. గొట్టం పైభాగాన పలచటి నూనె చెమ్మ మామూలే. కిందిదాకా కారి, దానికి దుమ్ము అంటుకుని ముద్దకట్టిందా, సీలు పోయింది.

మన స్పేర్ పార్టుల షాపుల్లో షాక్‌ల మీద కనిపించే గాబ్రియెల్ పేరు మొదట ఒక హారన్‌ది! అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ ఫాస్టర్ తయారుచేసిన ఆ హారన్ ఇంజను పొగతోనే మోగేది. స్ప్రింగు పైకి ఎగదన్నకుండా పట్టీతో పట్టి ఉంచే 'స్నబ్బర్' అనే సాధనాన్ని తెచ్చిందీ ఆయనే.

గ్యాస్ షాక్‌లోనూ పని చేసేది నూనే. నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ ఒత్తిడి పెడతారు, అంతే.

వెనక షాక్‌లు రెండూ ఒకేసారి విప్పకూడదు. ఇరుసు ఒకే దూలంగా ఉండే చిన్న కార్లలో, ఇరుసు మరీ కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది చాలావాటిలో షాకే. రెండూ తీసేస్తే బ్రేకు గొట్టాలు లాగుకుపోతాయి, స్ప్రింగు ఊడి రావచ్చు. బాడీని స్టాండ్ల మీద నిలిపి, ఇరుసు కింద జాకీ ఆనించి, ఒక్కో పక్కే మార్చాలి. మార్చడం మాత్రం జంటగానే. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే రెండు చక్రాలూ రెండు రకాలుగా స్పందిస్తాయి.

షాపులో అడ్డంగా పడి ఉన్న కొత్త షాక్‌లో, ముఖ్యంగా రెండు గొట్టాల రకంలో, గాలి చేరి ఉండొచ్చు. నిలబెట్టి నాలుగైదుసార్లు లాగి నొక్కాక బిగించాలి. మెరిసే పిస్టన్ కడ్డీని పట్టకారుతో పట్టుకున్నారో, దానిమీద పడ్డ గీతే సీలును కోసేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది చివరి బిగింపు. షాక్ కింది చివర బోల్టు దూరే రబ్బరు బుష్ తిరగదు, మెలిపడుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా కింది బోల్టు బిగిస్తే, కారు నేలమీదికి దిగగానే బుష్ మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. అందుకే బోల్టు వదులుగా పెట్టి, కారును చక్రాల మీద నిలిపాకే పూర్తిగా బిగించాలి. మెకానిక్ దగ్గర నిలబడి ఈ ఒక్కటి అడిగి చేయించుకోండి.

తీసేసిన గ్యాస్ షాక్‌లో ఒత్తిడి అలాగే ఉంటుంది. కోయొద్దు, మంటలో వేయొద్దు.