సింక్‌లో సుడి... కన్నం లేకపోతే?

రాత్రి గిన్నెలు కడగడం మా ఇంట్లో నా డ్యూటీ. సింక్‌లో నీళ్లు నింపి మూత లాగితే గిర్రున సుడి తిరుగుతుంది కదా, గిన్నె పక్కన పెట్టేసి అదే చూస్తుంటా. ఈ పిచ్చి నా ఒక్కడికే లేదట. ఫిజిక్స్ వాళ్లు అందులో బ్లాక్ హోల్‌ని చూస్తున్నారు!

1981లో కెనడా శాస్త్రవేత్త విలియం అన్రూ చెప్పిన సంగతి ఇది: ద్రవం శబ్దం కంటే వేగంగా లోపలికి పారుతుంటే అక్కడి నుంచి శబ్దం బయటపడలేదు. కిందికి దిగే ఎస్కలేటర్ మీద పైకి పరిగెత్తి చూడండి. దాని స్పీడ్ మీకంటే ఎక్కువైతే ఎంత ఉరికినా కిందికే. బ్లాక్ హోల్ దగ్గర కాంతి గతీ అంతే.

అయితే నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ఏ సింకూ దాన్ని ఓడించలేదు. అందుకే ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో సిల్కే వైన్‌ఫర్ట్‌నర్ టీమ్ శబ్దాన్ని వదిలేసి, నీటిపైన నెమ్మదిగా కదిలే అలల్ని పట్టుకుంది. 3 మీటర్ల పొడవు తొట్టి, మధ్యలో కన్నం, ఆకుపచ్చ రంగు నీళ్లు. 2017లో ఫలితం చెప్పారు: సుడిని తాకిన కొన్ని అలలు వచ్చినప్పటికంటే పెద్దవై వెనక్కి వెళ్లాయి. ఆ అదనపు శక్తి సుడి తిరుగుడులోంచి వచ్చిందే.

ఇక్కడే నాకు డౌటొచ్చింది. ఇలా పెరుగుతూ పోతే చివరికి సుడే చెదిరిపోదా?

పోదు, కన్నం ఉన్నంతవరకు. అల రెండుగా చీలుతుంది. బయటికెళ్లేది లాభం, లోపలికెళ్లేది అప్పు. కన్నం ఆ అప్పును మింగేస్తుంది, ఖాతా క్లోజ్. మరి కన్నం లేకుండా ఉత్తినే తిరిగే సుడి అయితే? ఒలివేరా, కార్డోసో, క్రిస్పినో అనే ముగ్గురు 2014లో ఆ లెక్క వేశారు. అప్పు పోయే దారి లేక లోపలే ఉండి పెరుగుతుంది, దాంతోపాటు బయటి శబ్దమూ పెరుగుతూనే ఉంటుంది. అంటే అన్నీ మింగేస్తుందని మనం భయపడే ఆ కన్నమే సుడిని నిలబెడుతోంది!

అలాగని కన్నం ఉంటే చాలనుకోకండి. చుట్టూ అద్దంలాంటి గోడ కట్టి, బయటికెళ్లే అలని మళ్లీ మళ్లీ లోపలికే తోస్తే అప్పుడూ పేలుడే. 1972లో ప్రెస్, ట్యుకోల్‌స్కీ దానికి 'బ్లాక్ హోల్ బాంబ్' అని పేరు పెట్టారు. సినిమా టైటిల్‌లా లేదూ?

నీళ్లతో ఓ చిక్కుంది. వాటి జిగట చిన్న అలల్ని చంపేస్తుంది. అందుకే నాటింగ్‌హామ్ వాళ్లు మైనస్ 271 డిగ్రీల కంటే చల్లటి హీలియంలో పెద్ద సుడి తిప్పారు. జిగట దాదాపు ఉండదక్కడ. 2024లో ఆ ఫలితాలూ వచ్చాయి.

నేనూ ఇవాళ సింక్ మూత లాగి, వేలితో చిన్న అల లేపి చూశా. పెరగడం మాట దేవుడెరుగు, రెండు అన్నం మెతుకులు గిర్రున తిరిగి కన్నంలోకి దిగిపోయాయి.